రోడ్డు పోయినా గట్టు నిలిచింది

రోడ్డు రవాణాలో సామర్థ్యం, సుస్థిరత అంటూ సదస్సులు పెట్టుకుని సమోసాలు తినే పెద్దలందరికీ ఒక మనవి. అంత శ్రమ అక్కరలేదు, ఒక్కసారి మా వీధికి దయచేయండి. 300 మీటర్ల వీధి, ఏడు స్పీడ్ బ్రేకర్లు, మా మాటలో గట్లు.

ముందు సామర్థ్యం సంగతి. మా వీధికి తారు రోడ్డు రావడానికి అర్జీలు, అంచనాలు, టెండర్లు, శంకుస్థాపన అన్నీ కలిపి ఆరేళ్ళు పట్టింది. మొదటి గట్టు రావడానికి ఒక్క రాత్రి సరిపోయింది. రోడ్డు వేసినవాళ్ళు వదిలి వెళ్ళిన కంకర, ఎవరి ఇంటి పనిలోనో మిగిలిన రెండు బస్తాల సిమెంటు, ఒక తాపీమేస్త్రి. తెల్లారేసరికి గట్టు సిద్ధం. అనుమతి లేదు, బిల్లు లేదు, బిల్లు లేదు కనుక కమీషనూ లేదు. ఇంత పవిత్రంగా జరిగిన నిర్మాణం మరొకటి ఉంటే చూపించండి.

రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే స్పీడ్ బ్రేకర్‌కు కొలతలు రాసి పెట్టింది. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధంతో. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి సాఫీగా దాటిపోవాలట. పైన నలుపు తెలుపు పట్టీలు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు. సాఫీగా దాటిపోతే ఇక కట్టించినవారి పరువేం కావాలి? మా గట్లు అడుగున్నర వెడల్పు, జానెడు ఎత్తు. రంగు వేస్తే దూరం నుంచే తెలిసిపోతుందని వేయలేదు.

ఎదురింటి విశ్రాంత ఇంజినీరు గారు ఒకనాడు టేపు పట్టుకుని అన్నీ కొలిచి, కాగితం మీద రాసి నా చేతికిచ్చారు. బ్రేకు వేసినప్పుడల్లా బండి వేగం వేడిగా మారి గాలిలో కలుస్తుందనీ, మళ్ళీ మొదటి గేరు నుంచి ఎత్తుకోవడానికి బండి డీజిలు తాగుతుందనీ బాధపడ్డారు. ఆయన లెక్కలో గుడ్ల ఆటో లేదు. ఆ ఆటో అబ్బాయి ఇప్పుడు వీధి మొదట్లోనే బండి ఆపి, ట్రేలు నెత్తిన పెట్టుకుని నడిచి వస్తున్నాడు. చుక్క ఇంధనం ఖర్చు కాని సరుకు రవాణా అంటే ఇదే కదా! మొన్న వీధి చివరి మామ్మగారికి ఆయాసం వస్తే అంబులెన్సులో పంపాం. ఆవిడ ఒక్కో గట్టుకు ఒక్కో దేవుడిని పిలిచింది. దీనిని సామర్థ్యం కింద రాయాలో, భక్తి కింద రాయాలో నాకు తేలలేదు.

సుస్థిరత మాటకొస్తే, మాతో పోటీకి ఎవరూ రాలేరు. తారుకు నీళ్ళే శత్రువు. వాలు వెంట జారిపోవలసిన వాన నీటికి గట్టు అడ్డం పడింది. నీళ్ళు దాని పక్కనే మడుగు కట్టాయి, తారు కంకరను వదిలేసింది. రెండు వానాకాలాలకు రోడ్డు లేచిపోయింది. ఏడు గట్లలో ఒక్కటీ చెక్కు చెదరలేదు. మా వీధిలో చక్రం కాస్త నునుపుగా దొర్లేది ఆ అడుగున్నర మీదే.

ఈ మధ్యే కొత్త రోడ్డు మంజూరైంది. గట్లు తీసేస్తారా అని కంట్రాక్టరు మనిషిని అడిగితే, "అవి మా అంచనాలో లేవండీ" అన్నాడు. వాటి చుట్టూ జాగ్రత్తగా, పూజ చేసినట్టు తారు పోసి వెళ్ళాడు.

ఇక దాచడమెందుకు, మా ఇల్లు ఐదో గట్టుకూ ఆరో గట్టుకూ మధ్యన ఉంది. కొత్త తారు మీద కుర్రాళ్ళు బైకులు లాగించేది సరిగ్గా ఆ ఖాళీలోనే. మా మనవడు గేటు దగ్గరే ఆడుకుంటాడు. నిన్న రాత్రి మేస్త్రిని పిలిపించాను.

"ఎంత ఎత్తు పెట్టమంటారు సార్?" అన్నాడు.

ఇంజినీరు గారి కాగితం జేబులోనే ఉంది. పక్కింటివారి గట్టు చూపించి, దానికంటే రెండు అంగుళాలు ఎక్కువ పెట్టమన్నాను.