మగవాళ్లు తగ్గలేదు, సూరత్‌లో ఉన్నారు

ఈ వారంలో ఒకే వాట్సాప్ సందేశం రావడం ఇది ఐదోసారి. మొదట బరంపురంలోని మా బంధువుల గ్రూపులో వచ్చింది, తరవాత పాత విద్యార్థుల గ్రూపులో, పర్లాకిమిడి వదినగారి దగ్గర నుంచి రెండుసార్లు. నిన్న రాత్రి మా మేనల్లుడు కూడా పంపాడు. "దేశ చరిత్రలో తొలిసారి ఆడవాళ్లే ఎక్కువ! వెయ్యిమంది మగవారికి 1020 మంది స్త్రీలు" అని మొదలవుతుంది. దాని కింద ఆరు ముక్కలు, చివర చేతులు జోడించిన బొమ్మ. చదివి ఊరుకునేదాన్నే. నాలుగో ముక్క ఊరుకోనివ్వలేదు.

మొదటి ముక్క, ఆ 1020. సంఖ్య అబద్ధం కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోదే. అయితే అది జనగణన కాదు. ఎంపిక చేసిన 6 లక్షల పైచిలుకు ఇళ్లకు వెళ్లి, నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారని అడిగి వేసిన లెక్క. హాస్టళ్లు, జైళ్లు, సైనికుల బారకాసులు అందులోకి రావు. మరమగ్గాల షెడ్డులోనో, సగం కట్టిన మేడలోనో పడుకునేవాడు దొరకడమూ కష్టమే. అదే సర్వేలో పల్లెల్లో 1037, పట్టణాల్లో 985 అని ఉంది. ఆ వాక్యం కోసేసి పంపారు.

జనగణనల ప్రకారం 1901లో వెయ్యికి 972 మంది, 1991లో 927, 2011లో 943. అంటే వందమంది జనంలో ఆడవాళ్లు 49.3 నుంచి 48.1కి జారి, 48.5 దగ్గరికి లేచారు. ఇరవై ఏళ్లలో 16 పెరిగినందుకు సంతోషమే. ఆ తరవాత పదేళ్లలో 77 పెరగాలంటే మేము ఆకాశం నుంచి దిగి ఉండాలి.

రెండో ముక్క: "గంజాం పల్లెలకు వెళ్లి చూడండి, ఎక్కడ చూసినా ఆడవాళ్లే." మన ఒడిశాలోని గంజాం జిల్లానే కదా, చూశాను నాయనా. 2011 ఫిబ్రవరిలో జనగణన పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఇంటాయన ఎక్కడమ్మా అంటే సూరత్, గుజరాత్‌లో మరమగ్గాల పనికి. పెద్దకొడుకు? సూరత్. చిన్నవాడు? మొన్ననే వెళ్లాడు, సూరత్. ఆ నెల 9 నుంచి 28 వరకు ఊళ్లో లేనివాణ్ణి అక్కడ రాయకూడదు, ఉన్నచోటే రాస్తారు. ఒక అత్తగారు నా మీదికి వచ్చింది: "నా కొడుకు బతికే ఉన్నాడు, వాడి పేరెందుకు రాయవు?" ఆమెకు నియమం వివరించేసరికి నా తలప్రాణం తోకకు వచ్చింది. అన్నట్టు, అంత చేసినా గంజాం లెక్క 983 మాత్రమే తేలింది.

మూడో ముక్కలో "మన అబ్బాయిలకు పెళ్లికి పిల్లలు దొరకడం లేదు" అని బాధపడ్డారు. ఆడవాళ్లు మిగిలిపోయారని పైన, దొరకడం లేదని కింద. రాసినవారు తమ సందేశం తామే చదువుకోలేదు.

ఇక నాలుగోది: "ఆడపిల్లల సంఖ్య పెరిగింది కాబట్టి స్కానింగ్‌లో ఆడో మగో చెప్పకూడదన్న చట్టం ఎత్తేయాలి. తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు." ఈ మాట పంపినవారిలో ఆడపిల్లల తండ్రులు ఇద్దరున్నారు.

1020లో నాలాంటి ముసలమ్మలందరం ఉన్నాం. ఆడవాళ్లు మగవాళ్లకంటే కొన్నేళ్లు ఎక్కువే బతుకుతారు, లెక్క అటూ పెరుగుతుంది. కడుపులో ఏం జరిగిందో తెలియాలంటే పుట్టినవాళ్లను చూడాలి. ఏ జోక్యమూ లేకపోతే వెయ్యిమంది మగపిల్లలకు సుమారు 950 మంది ఆడపిల్లలు పుడతారు. అదే సర్వే అంతకుముందు ఐదేళ్లలో పుట్టినవాళ్లను లెక్కవేస్తే దేశంలో 929 తేలింది. మన ఒడిశా సంగతి వినండి: మొత్తం జనంలో 1063, పుట్టినవాళ్లలో 894. దాని ముందు సర్వేలో ఇది 932 ఉండేది. ఒక చేత్తో 1063 చూపించి మిఠాయి పంచేవారు రెండో చెయ్యి వీపు వెనక ఎందుకు దాచుకున్నారు?

చట్టం 1994లో వచ్చింది, 1996 నుంచి అమలైంది. 2007లో మన పక్క జిల్లా నయాగఢ్‌లో పాడుబావిలో పిండాల అవశేషాలు సంచుల్లో దొరికాయి. చట్టం ఉండగానే అది జరిగింది. నా పాత విద్యార్థిని ఒకతె మూడో కాన్పుకు స్కానింగ్ చేయించుకుని వస్తే, అక్కడివారు నోటితో ఏమీ చెప్పలేదట. "ఇంటికెళ్లి లడ్లు పంచుకోండి" అన్నారట, మగపిల్లాడని సైగ, అంతే. లడ్లు అనకపోతే ఆ బిడ్డ గతి ఏమయ్యేదో ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఈ సైగలకు తోడు చట్టం కూడా ఎత్తేయాలా? బాగుంది. పాడుబావులకు మెట్లు కూడా కట్టిస్తే సరి.

ఐదోది, ఐక్యరాజ్యసమితి అభినందన. మన జాతీయగీతానికి లేని యునెస్కో బహుమతి ఇప్పించిన చేతులే ఇదీ రాసి ఉంటాయి. పోనివ్వండి.

ఆరోది చదివి నవ్వబోయాను. "మన తాతల కాలంలో ఈ ప్రాంతంలో ఆడవాళ్లే ఎక్కువ" అట. పుస్తకం తీసి చూశాక నవ్వు ఆగింది. నిజమే. 1901లో ఇప్పటి ఒడిశా ప్రాంతంలో వెయ్యికి 1037. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లిన మగవాళ్లు అందులో కొంత కారణం, మా తాతగారి అన్న కూడా అలా వెళ్లి తిరిగి రాలేదు. కానీ అంతా వలసే అని తోసేయలేను. 1961లో దేశంలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యికి 976 మంది ఆడపిల్లలు ఉండేవారు, 2011కి 918 మందే మిగిలారు. గంజాంలో 908. వలస వెళ్లే వయసు కాదు కదా అది. ఆడపిల్ల పుడితే మా నాయనమ్మ మూతి ముడిచేది, కానీ పుట్టనిచ్చేది. ఈ ఒక్క ముక్కా సందేశం రాసినవారికి వదిలేస్తున్నాను.

మేనల్లుడికి ఇదంతా రాసి పంపితే, "అత్తా, ఇంతకీ ఆ 1020లో నేను ఎటువైపు?" అని అడిగాడు. వాడు పదకొండేళ్లుగా సూరత్‌లోనే ఉన్నాడు. 2027 ఫిబ్రవరిలో జనగణనవాళ్లు నీ గదికి వస్తే, రాత్రి పాళీ చేసి నిద్రపోతున్నానని తలుపు తీయకుండా ఉండకు అని జవాబిచ్చాను.