స్టెంటుకు లక్షలు, మాత్రకు మొండిచెయ్యి

ఏ పెద్దాస్పత్రిలోనైనా గుండె వార్డు బయట ఓ గంట నిలబడితే చాలు. స్టెంటు (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయించుకుని ఇంటికి బయల్దేరే మనిషి చేతిలో డిశ్చార్జి కాగితం పెడతారు. అంతా ఇంగ్లిషే. మందుల పట్టీ కింద, చివర్న, మూడు ముక్కలుంటాయి: ఉప్పు తగ్గించాలి, నడవాలి, ఒత్తిడికి దూరంగా ఉండాలి. చదవడం రాని ఆటో డ్రైవరు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటాడు. ఇంట్లో వంట చేసే భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఆమెను లోపలికి పిలిచి, కూరలో ఉప్పు ఎంత వేయాలో, ఆవకాయ సంగతేమిటో చెప్పినవారుండరు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు నెత్తిన ఉన్నవాడిని ఒత్తిడి వద్దంటే ఎలా వదులుకుంటాడు? మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి పంపించాం. మనిషిని మాత్రం వచ్చినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే వదిలేశాం.

2021లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో 46 ఏళ్లకే పోయారు. 2022 ఫిబ్రవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతంరెడ్డి కూడా అలాగే 50 ఏళ్లకే పోయారు. ఇద్దరూ ఒళ్లు వంచి వ్యాయామం చేసినవారే. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు టీవీల్లో చర్చ, మూడో రోజు మరిన్ని క్యాథ్‌ల్యాబ్‌లు (స్టెంట్లు వేసే గదులు) పెడతామన్న హామీ. ఏటా సెప్టెంబర్ 29న ప్రపంచ హృదయ దినోత్సవం వస్తుంది; ఎర్ర టీషర్టులతో రెండు కిలోమీటర్ల నడక, మంత్రిగారి జెండా ఊపుడు అయిపోతాయి. సెప్టెంబర్ 30న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లిన ముసలమ్మకు మాత్రం ‘బీపీ బిళ్లలు అయిపోయాయి, వచ్చే వారం రా’ అన్న మాటే దొరుకుతుంది.

ఆరోగ్యశ్రీని మేం తక్కువ చేయడం లేదు. 2007లో మొదలైన ఆ పథకం లక్షలాది పేద కుటుంబాలను ఆస్పత్రి అప్పుల నుంచి కాపాడింది. గుండెపోటు వచ్చిన తొలి గంటల్లో నాళాన్ని తెరవడం ప్రాణం నిలబెట్టే చికిత్స. అందులో రెండో మాటకు తావు లేదు. 2017లో కేంద్రం స్టెంట్ల ధరలకు కళ్లెం వేయడమూ మంచి పనే. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. అంతా బాగానే ఉంది. కానీ పాతిక లక్షల ఆపరేషన్‌కు పూచీ పడే సర్కారు, ఆ ఆపరేషన్ అవసరం రాకుండా చూసే రూపాయి, రెండు రూపాయల మాత్రకు ఎందుకు పూచీ పడదు? మా ప్రశ్న ఇదొక్కటే. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటాం.

గుండె జబ్బు ఎందుకొస్తుందో తెలియక కాదు ఈ నిర్లక్ష్యం. 52 దేశాల్లో జరిపి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం తొలిసారి వచ్చే గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి తొమ్మిది కారణాలు చాలని తేల్చింది. పొగాకు, చెడు కొవ్వు, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, కూరగాయలు, పండ్లు తినకపోవడం, ఒళ్లు కదలకపోవడం, మద్యం అలవాట్ల తీరు, వీటితోపాటు మానసిక ఒత్తిడి, కుంగుబాటు. మనసు కూడా ఆ జాబితాలో ఉందని గమనించాలి. మన దక్షిణాసియా వాసులకు మిగతా ప్రపంచం కంటే అయిదారేళ్లు ముందే, సగటున 53 ఏళ్లకే తొలి పోటు వస్తోందనీ ఆ అధ్యయనమే చెప్పింది. ఇంటికి సంపాదించి పెట్టే వయసది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా ముగియని వయసది.

మరో సంగతి. నిలకడగా ఉన్న గుండె జబ్బులో, అంటే పోటు వచ్చి పడిపోయినవారిలో కాకుండా నడిస్తే ఛాతీ పట్టేసే వారిలో, ముందే స్టెంటో బైపాసో చేయడం వల్ల మందులు, జీవనశైలి మార్పులతో మొదలుపెట్టిన దానికంటే మరణాలేమీ తగ్గలేదని 5,179 మందితో జరిపిన ఇస్కీమియా పరిశోధన 2020లో నిర్ధారించింది. నొప్పి మాత్రం బాగా తగ్గింది. అది చిన్న మేలు కాదు. కానీ ప్రాణం నిలబెట్టే పని రోజూ వేసుకునే మాత్రది, రోజూ తినే తిండిది. వాటికే మన దగ్గర ప్యాకేజీ లేదు. కొన్ని చికిత్సల తర్వాత ఏడాదిపాటు ఫాలోఅప్ మందులిచ్చే ఏర్పాటు ఆరోగ్యశ్రీలో ఉన్నమాట నిజమే. గుండె జబ్బు ఏడాదితో వదిలేది కాదే! పదమూడో నెలలో ఆ మనిషి ఎక్కడికి పోవాలి?

గుండెపోటు నుంచి బయటపడినవారిలో దాదాపు అయిదుగురిలో ఒకరు తీవ్రమైన కుంగుబాటులో పడతారు. మెట్లెక్కాలంటే భయం, మనవణ్ని ఎత్తుకోవాలంటే భయం, రాత్రి నిద్రపోతే తెల్లారి లేస్తానో లేదోనన్న భయం. మగవాళ్లు పైకి చెప్పరు. ‘ఆయన మాట్లాడడం మానేశారండీ’ అని ఇల్లాలు చెబితేనే తెలుస్తుంది. ఆ మనిషిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పి, మెల్లగా నడిపించి, మళ్లీ పనిలోకి పంపే కార్డియాక్ రిహాబ్ ఎన్ని ఆస్పత్రుల్లో ఉంది? ఖరీదైన యంత్రాలే అక్కర్లేదు. మన దేశంలోనే 24 కేంద్రాల్లో, దాదాపు నాలుగు వేల మంది రోగులతో యోగా ఆధారిత పునరావాసాన్ని పరీక్షించారు. మరణాలు తగ్గాయని తేలలేదు గానీ, పాల్గొన్నవారి ఆరోగ్యం మెరుగై మునుపటి పనుల్లోకి తిరిగి వెళ్లగలిగారు. చాప ఒకటి, నేర్పించే మనిషి ఒకరు ఉంటే అయ్యే పని. చేసే ఉద్దేశమే లేదు.

మనిషిని మొత్తంగా చూడాలనగానే వెల్లుల్లి రసంతో బ్లాకులు కరిగిపోతాయని వాట్సాప్‌లో తిప్పేవారు ముందుకొస్తారు. వారికీ, మేం చెబుతున్నదానికీ ఏ సంబంధమూ లేదు. మాత్ర మానేసి కషాయం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారి కథలు చాలానే విన్నాం.

తిండి, అలవాట్లు ఎవరి బాధ్యత వారిదేనని, సర్కారు వంటింట్లోకి రాలేదని కొందరంటారు. అలాగైతే సర్కారు సీసాతో ఇంటి గుమ్మం దాకా ఎందుకొచ్చింది? ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబర్ నుంచి 99 రూపాయలకే క్వార్టర్ దొరికేలా చూశారు. తెలంగాణలో మద్యం దుకాణం దరఖాస్తుకే 3 లక్షల రుసుము పెట్టి ఖజానా నింపుకున్నారు. ఊళ్లలో బెల్టు షాపు మూతపడదు, మందుల అల్మరా మాత్రం ఖాళీగా ఉంటుంది. ఒక చేత్తో జబ్బును అమ్మి, ఇంకో చేత్తో స్టెంటు వేయించి, ఆ స్టెంటు మీద తమ ఫొటో ముద్రించుకునే ద్వంద్వ నీతి ఇది. దీన్ని సంక్షేమం అనడానికి మాకు నోరు రావడం లేదు.

చేయాలనుకుంటే దారులు లేక కాదు. ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియాలో 1972లో మొదలుపెట్టి, గృహిణుల సంఘాలను, పాల డెయిరీలను, తిండి తయారుచేసే కంపెనీలను కలుపుకొని పోయారు. నలభై ఏళ్లలో పనిచేసే వయసు మగవారిలో గుండె జబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. మన దగ్గర అంతకంటే పెద్ద మహిళా సంఘాల సైన్యం ఊరూరా ఉంది. ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్‌ఎంలున్నారు. బీపీ రోగులకు ఒకే రకం మందుల పద్ధతి, నెలకు సరిపడా మాత్రలు ఇవ్వాలన్న జాతీయ కార్యక్రమం 2017లో మొదలైనప్పుడు తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దారి తెలిసి కూడా చివరిదాకా నడవడం లేదు.

ఆరోగ్య మంత్రులు ఇద్దరూ వినాలి. ఎన్ని క్యాథ్‌ల్యాబ్‌లు ప్రారంభించారో, ఎన్ని వేల స్టెంట్లు వేయించారో ఇకపై మాకు చెప్పొద్దు. మీ జిల్లాల్లో బీపీ ఉన్నవారెందరు, అది అదుపులో ఉన్నవారెందరు, నిరుడు స్టెంటు వేసి పంపినవారిలో ఈ నెల మాత్ర అందుకున్నవారెందరు? ఈ మూడు లెక్కలు తెలుగులో రాసి ప్రతి ఆరోగ్య కేంద్రం గోడకు అంటించండి. అంటించలేకపోతే వచ్చే సెప్టెంబర్ 29న జెండా పట్టుకుని రోడ్డు మీదికి రాకండి.