ఓ మేస్త్రీ, రేపు రా!

మా చిన్నప్పుడు ఊళ్లో ఏ తలుపు చూసినా బొగ్గుతోనో సుద్దతోనో ఒక మాట రాసి ఉండేది: 'ఓ స్త్రీ రేపు రా'. రాత్రిపూట ఒక దెయ్యం వచ్చి తలుపు తడుతుందట. ఈ రాత చదువుకుని బుద్ధిగా వెనక్కి పోతుందట. మర్నాడు మళ్లీ వచ్చి, మళ్లీ అదే చదువుకుని, మళ్లీ పోతుందట. దెయ్యానికి చదువొచ్చు, తేదీలు మాత్రం తెలీవన్నమాట. దీన్ని మూఢనమ్మకమని నవ్విపారేసిన హేతువాదుల్లో నేనూ ఒకణ్ణి. ఎంత పొరపాటు పడ్డానో ఈ మధ్యే తెలిసొచ్చింది. మన నగరాల్లో నలభై అంతస్తుల మేడలు లేస్తున్నాయంటే సిమెంటు బలం కంటే ఆ రాత బలమే ఎక్కువ. ఒక్క అక్షరం కలిపారంతే. చూసే కన్నుండాలిగానీ ప్రతి సైటాఫీసు తలుపు మీదా కనిపిస్తుంది: 'ఓ మేస్త్రీ, రేపు రా'.

ఈ పరిజ్ఞానం ఎలా పనిచేస్తుందో తెలియనివారి కోసం కాస్త వివరిస్తాను. జార్ఖండ్‌లోనో ఒడిశాలోనో ఒక కుర్రాడి చేతిలో ఠేకేదారు, అంటే కూలీల కాంట్రాక్టరు, కొంత అడ్వాన్సు పెట్టి రైలెక్కిస్తాడు. తెచ్చి ఇక్కడ రేకుల షెడ్డులో దింపుతాడు. ఆదివారం ఆదివారం 'ఖర్చీ' ఇస్తాడు. ఖర్చీని కూలి అనుకునేరు, కాదు. బియ్యానికీ ఉల్లిగడ్డలకీ ఫోన్ రీచార్జికీ సరిపోయే చేతి ఖర్చు అది. అసలు కూలి 'హిసాబ్'లో, అంటే లెక్కలో, ఉంటుంది. హిసాబ్ ఠేకేదారు చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో ఉంటుంది. పుస్తకం తెరవమంటే కంపెనీ బిల్లు పాస్ కాలేదంటాడు. కంపెనీని అడిగితే పని చేయించుకున్నవారి దగ్గర్నుంచి డబ్బు రాలేదంటుంది. వారిని అడిగితే ఫైలు పైన ఉందంటారు. పైన ఎవరున్నారో ఆ పైవాడికే తెలియాలి. కుర్రాడు విసిగి ఊరికి పోదామనుకుంటే రెండు మూడు నెలల హిసాబ్ గోవిందా. అందుకని పోడు. తన కష్టార్జితమే తన కాలికి గొలుసు. దానికి తాళం కూడా అక్కర్లేదు. ఇంత తక్కువ ఖర్చులో ఇంత గట్టి కట్టడం మరొకటి ఉంటే చెప్పండి, ఇంజినీర్లకు చూపిద్దాం.

ఇంత పకడ్బందీ ఏర్పాటు 2020లో సంగారెడ్డి జిల్లా కందిలో బెడిసికొట్టింది. ఆ దిగులు నాకింకా తీరలేదు.

హైదరాబాద్ ఐఐటీ భవనాలు కడుతున్న చోటు అది. దేశానికి ఇంజినీర్లను తయారుచేసే గోడల్ని, బడి ముఖం సరిగా చూడనివాళ్లు కడుతున్న చోటు. లాక్‌డౌన్ వచ్చింది, పని ఆగింది, రైళ్లు ఆగాయి. ప్రభుత్వాలు చేతులు ముడుచుకు కూర్చున్నాయని మాత్రం అనకండి. యజమానులందరూ కోత లేకుండా, గడువు తేదీకల్లా జీతాలివ్వాలని మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. వలస కూలీలు మన అభివృద్ధిలో భాగస్వాములని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి అన్నారు. మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించారు. భాగస్వామికి లాభాల్లో వాటా పంచడం వ్యాపార ధర్మం. ఆ వాటా 500 అని తేలింది. ఇక లోటేముంది? బియ్యం ఉంది, ఉత్తర్వు ఉంది, నెత్తిమీద రేకుంది. ఏప్రిల్ ఎండకి ఆ రేకు కింద బియ్యం వాటంతటవే ఉడుకుతాయి కాబట్టి గ్యాస్ ఖర్చు కూడా లేదు.

అయినా ఏప్రిల్ 29న వాళ్లు బయటికొచ్చారు. చేసిన పనికి డబ్బులివ్వండి, మమ్మల్ని ఇళ్లకు పంపండి అని రెండే మాటలు. పోలీసులొచ్చారు. రాళ్లు లేచాయి. పోలీసు బండి దెబ్బతింది, పోలీసులకూ గాయాలయ్యాయి. (దెబ్బ తిన్న కానిస్టేబులూ నెల జీతం మీద బతికేవాడే. ఎవరి బాకీకి తను రాయి దెబ్బ తిన్నాడో ఆయనకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది.)

నేను ఆ దృశ్యాన్ని నల్లగండ్లలో మా పద్నాలుగో అంతస్తు సోఫాలో కూర్చుని చూశాను. చూసి తీవ్రంగా కలత చెందాను. 'అన్నం పెట్టిన చేతినే కరుస్తారా' అని మా ఆవిడతో అన్నాను. 'పెట్టలేదనేగా గొడవ' అంది. ఆడవాళ్లకు శాంతిభద్రతల విషయాలు ఒక పట్టాన అర్థం కావు.

ఇక్కడ మన తెలుగు వ్యాకరణానికి ఒక నమస్కారం పెట్టాలి. 'జీతం ఆగింది' అంటాం. వాన ఆగినట్టు, కరెంటు పోయినట్టు, అది దానంతటదే ఆగుతుంది. కర్త ఉండడు. అదే రాయి దగ్గరికొచ్చేసరికి 'విసిరారు' అంటాం. ఎవరు? వాళ్లే. కర్త, కర్మ, క్రియ అన్నీ దొరికిపోతాయి, కేసు రాయడానికి కూడా సులువు. నెలల తరబడి కూలి ఆగిన కాలాన్ని ప్రశాంత వాతావరణం అంటాం. అరగంటసేపు రాళ్లు పడితే దాన్ని ఉద్రిక్తత అంటాం. ఆ ప్రశాంతత అలా ఎన్నాళ్లు సాగినా పలకరించే కెమెరా ఉండదు.

అన్నట్టు, మా ఫ్లాటు తాళాలు ఇవ్వడానికి మా బిల్డరు రెండేళ్లు తిప్పాడు. అప్పుడు మేమంతా టోపీలు పెట్టుకుని, ప్లకార్డులు పట్టుకుని, ఎండ తగలకుండా గొడుగుల కింద ధర్నా చేశాం. ఆ హడావుడిలో మోడల్ ఫ్లాటు అద్దం పగిలింది. పగిలింది, గమనించండి.

సరే, కంది సంగతి. అధికారులు పరిగెత్తుకొచ్చారు. అంతవరకూ పైన ఉన్న ఫైలు కిందికి దిగింది. బకాయిలు ఇప్పిస్తామన్నారు. సరిగ్గా ఆ రోజే వలస కూలీలు బస్సుల్లో సొంత రాష్ట్రాలకు వెళ్లొచ్చని ఢిల్లీ కూడా అనుమతిచ్చింది. అది కాకతాళీయమే అని నా గట్టి నమ్మకం. రెండు రాత్రులు గడిచాయి. మే 1న, తెల్లారకముందే 4.50కి, లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు 24 బోగీల రైలు కదిలింది. సుమారు 1,200 మంది. కంది నుంచి బస్సుల్లో తెచ్చినవారు అందులో ఉన్నారు. లాక్‌డౌన్ మొదలయ్యాక వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి రైలు అదే. మా బాల్కనీలోంచి చూస్తే స్టేషన్ వైపు దీపాలు కనిపిస్తాయి. కానీ నేను నిద్రలో ఉన్నాను. తెల్లారాక వార్తల్లో చూశాను, మేడే శుభాకాంక్షల పక్కన.

ఈ రైలు గురించే నాకు భయం. దెయ్యం రోజూ వచ్చి రాత చదువుకుని పోయినంత కాలం ఏ రైలూ కదల్లేదు. ఒక్క రోజు చదవకుండా తలుపు బాదితే రెండు రోజుల్లో బండి ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. ఇది చాలా ప్రమాదకరమైన చదువు. ఐఐటీ గేటు లోపల చెప్పే ఏ పాఠానికీ ఇంత త్వరగా ఫలితం రాలేదు. పొరపాటున కూడా దీన్ని సిలబస్‌లో చేర్చకూడదు.

ఈ విషయంలో కర్ణాటకకు ముందుచూపు ఉంది. నాలుగు రోజుల తర్వాత, మే 5న, అక్కడి ముఖ్యమంత్రి బిల్డర్లతో సమావేశమయ్యారు. అదే రోజు రైల్వేకి లేఖ వెళ్లింది, కూలీల కోసం అడిగిన రైళ్లు ఇక వద్దని. కూలీలు వెళ్లిపోతే పనులు ఆగిపోతాయి కదా. ఇటుక లారీ గేటు దాటకుండా ఆపినట్టు మనుషుల్ని ఆపారు. తేడా ఒకటే, ఇటుకకి ముందు డబ్బు కట్టాలి. దేశమంతా దుమ్మెత్తిపోస్తే రెండు మూడు రోజుల్లోనే మళ్లీ రైళ్లు వెయ్యక తప్పలేదు. మంచి ఆలోచనలకు మన దేశంలో ఆయుష్షు తక్కువ. ఆ వారంలోనే మహారాష్ట్రలో రైళ్లు లేవని పట్టాల వెంట నడిచి, అలసి, పట్టాల మీదే నిద్రపోయిన పదహారు మంది మీదుగా గూడ్సు బండి వెళ్లింది. పట్టాల మీద రొట్టెలు పడి ఉన్నాయి. దీని మీద వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు.

చట్టాలు లేవా అని అమాయకులు అడుగుతుంటారు. ఎందుకు లేవు? 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలన్నారు. ఊరు విడిచి వచ్చినందుకు ఒక భత్యం కూడా పెట్టారు: సగం నెల జీతమో 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది. ఆ భత్యం చేత్తో అందుకున్న కూలీని చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. ఇప్పుడా అవసరం తీరిపోయింది. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి ఆ పాత చట్టాన్ని రద్దు చేశాయి, ఊరు విడిచిన భత్యం కూడా దాంతోపాటే ఊరు విడిచింది.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు సంగతి ఇంకా బాగుంటుంది. కట్టే భవనం ఖర్చులో ఒక శాతం తీసి పక్కన పెట్టాలని 1996 నుంచీ ఉంది. 2018లో సుప్రీంకోర్టు లెక్క తీస్తే దేశం మొత్తం మీద దాదాపు 37,400 కోట్లు పోగయ్యాయి. కార్మికుల కోసం ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. అందులోనూ లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నారని కోర్టు దృష్టికి వచ్చింది. దీన్ని తప్పుపట్టేవాళ్లకు ఊహాశక్తి లేదు. పొద్దంతా సిమెంటు తట్ట మోసిన మనిషి చొక్కా ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? షెడ్డులో నీళ్లూ కరెంటూ ఉండవంటారా, అది వేరే శాఖ.

'బయటి రాష్ట్రం వాళ్లు, వాళ్లంతే' అని మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశాడు. నేనూ బొటనవేలు ఎత్తాను. ఎత్తాక గుర్తొచ్చింది, ఈ బయటి రాష్ట్రం అనేది చాలా జారుడు వస్తువు. ఒకప్పుడు దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా అక్కడికి 'పాలమూరు లేబర్' లారీల్లో దిగేవారు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకి పిల్లాజెల్లాతో సహా పోయి, గుడారాల్లో కని, గుడారాల్లో పెంచి, చివరికి హిసాబ్ దగ్గర 'ఇంకా నువ్వే బాకీ' అనిపించుకుని వచ్చేవారు. నీళ్లు మాత్రం వాళ్ల కట్టల మీదుగా అందరి పొలాలకూ పోయాయి, పాలమూరు తప్ప. ఆ ఊళ్లలో వాళ్లూ బయటి రాష్ట్రం వాళ్లే. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత పుట్టిన నేల మనది, దాన్ని పేటెంటు చేయించుకోకపోవడం మన బద్ధకం.

ఇక కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫుకి పోయినవాళ్ల పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది, అప్పు ఊళ్లో ఉంటుంది, మనిషి మాత్రం క్యాంపులో ఉంటాడు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చెయ్యమని ప్రవక్త మాట. ఆ దేశాల కంపెనీలు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాయని నా అభిప్రాయం. ఆ ఎండల్లో చెమట ఆరేదెప్పుడు? ఆరేదాకా గడువుంది కదా.

2006 మార్చిలో దుబాయిలో ప్రపంచంలోకెల్లా ఎత్తైన బురుజు కడుతుండగా, షిఫ్టు దిగిన కూలీలకు బస్సులు ఆలస్యమయ్యాయి. చూడబోతే చిన్న విషయం. దాని వెనక తక్కువ కూలి, పని పరిస్థితులు, ఎన్నాళ్లనుంచో దిగమింగినవన్నీ ఉన్నాయి. దాదాపు 2,500 మంది భారత ఉపఖండపు కూలీలు తిరగబడి కార్లు, ఆఫీసులు, కంప్యూటర్లు పగలగొట్టారు. నష్టం పది లక్షల డాలర్లకు దగ్గరగా తేలింది. కూలీల కోపానికి అంత కచ్చితంగా ధర కట్టగలిగినవాళ్లకు వాళ్ల కూలి లెక్క మాత్రం ఎందుకు తేలదో నాకు అంతుపట్టదు. అక్కడ కార్మిక సంఘం పెట్టుకోవడం నిషిద్ధం, సమ్మె చేయడం నిషిద్ధం. అడగడానికున్న తలుపులన్నీ మూసేసి, కిటికీ ఎందుకు పగిలిందని విచారణ.

అదే దుబాయిలో 2009 నవంబరులో ఒక పెద్ద ప్రభుత్వ కంపెనీ తన అప్పులవాళ్లతో 'ఆరు నెలలు ఆగండి' అంది. అంటే 'ఓ బ్యాంకూ, రేపు రా'. బ్యాంకులు చదువుకుని వెనక్కి పోయాయా? ప్రపంచ మార్కెట్లు వణికిపోయాయి. పక్కనున్న అబుదాబి నెల తిరక్కుండా వెయ్యి కోట్ల డాలర్లు సర్దింది. 2010 జనవరిలో తెరిచిన బురుజుకి చివరి నిమిషంలో అబుదాబి పాలకుడి పేరే పెట్టారు, బుర్జ్ ఖలీఫా అని. అప్పిచ్చినవాడి పేరు 828 మీటర్ల ఎత్తున ఉంది. బస్సు కోసం నిలబడ్డవాడి పేరు ఆ రోజు తిరుగుడు గేటు దగ్గర కార్డు మీద ఉండి ఉంటుంది.

నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మొన్న వానలకి మా ఇంట్లో వాష్ ఏరియా గోడ చెమ్మ పట్టి లప్పం పెచ్చులూడింది. లోపల పచ్చి ప్లాస్టరు మీద పెన్సిలుతో ఏవో గీతలు కనిపించాయి. కళ్లజోడు పెట్టుకుని చూశాను. హాజిరీ లెక్క. వరసగా తేదీలు, హిందీ అంకెల్లో. పక్కన ఒకటి, ఒకటి, అర, ఒకటి, సున్నా, ఒకటి. అలా మూడు నెలలు. ఒకచోట 'అర' కొట్టేసి 'ఒకటి' అని దిద్దుకున్నాడు, ఎవరితోనో వాదించి గెలిచినట్టున్నాడు. కింద గీత గీసి కూడిక వేశాడు. కూడిక సరిపోయింది, నేను రెండుసార్లు చూశాను. కూడిక కింద ఒక బాణం గుర్తు వేసి, దాని ముందు ఖాళీగా వదిలేశాడు.

దెయ్యానికి తేదీలు తెలుసన్నమాట.

ఇంటికి వచ్చేపోయేవాళ్లు చూస్తే బాగుండదని వెంటనే పెయింటర్ని పిలిపించాను. మనిషి నెమ్మదస్తుడు. గీకి, రెండు చేతుల లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి వెళ్లేసరికి చీకటి పడింది. గోడ అద్దంలా ఉంది. చేతులు కడుక్కుని వచ్చి తలుపు దగ్గర నిలబడి డబ్బులడిగాడు.

ఫోన్‌పే పనిచెయ్యట్లేదని చెప్పాను. రేపు రమ్మన్నాను.