రాజమండ్రిలో ఏముందన్నా అని ఇంకొకళ్ళు అడిగితే ఈ పోస్టే పంపిస్తా

నిన్న బెంగళూరు ఆఫీసులో టీ తాగుతుంటే మా టీమ్‌లో అనంతపురం కుర్రాడు వచ్చి "అన్నా, మీ రాజమండ్రికి పోయొచ్చినాం, చూసేకి ఏం లేదన్నా ఆడ, ఒక బ్రిడ్జి, అంతే" అన్నాడు. టీ గొంతుకి అడ్డం పడింది నాకు. ఎలా వెళ్ళార్రా అంటే, శుక్రవారం రాత్రి మారతహళ్ళిలో బస్సెక్కి, శనివారం మధ్యాహ్నానికి ఒళ్ళు హూనం అయ్యి దిగి, హోటల్లో సాయంత్రం దాకా పడుకుని, ఆదివారం చీకటితోనే వ్యాన్ ఎక్కి పాపికొండల ప్యాకేజీకి వెళ్ళి, రాత్రికి మళ్ళీ బస్సెక్కేశారంట. మరి ఊరెప్పుడు చూశావురా నాయనా అంటే "శనివారం సాయంత్రం ఒక గంట తిరిగినాం కదన్నా, మాల్‌లో" అన్నాడు. మాల్‌లో! వైట్‌ఫీల్డ్ నుంచి వెళ్ళి రాజమండ్రిలో మాల్ చూశారు.

వాణ్ణని ఏం లాభం లెండి. ఫోన్‌లో రాజమండ్రిలో చూడాల్సినవి అని కొడితే వచ్చేదే అలా ఉంటుంది, పాపికొండలు, మారేడుమిల్లి, అన్నవరం, ద్రాక్షారామం. ఇందులో ఊళ్ళో ఉన్నది ఒక్కటి చెప్పండి చూద్దాం. మారేడుమిల్లి ఎనభై కిలోమీటర్లు ఉంటుంది, పైగా ఏజెన్సీ అడవి. అన్నవరం దారి వేరు. వాటికి వెళ్ళొద్దని అనట్లేదు, శుభ్రంగా వెళ్ళండి, కానీ మా ఊరిని స్నానం చేసి సంచీ పెట్టుకునే సత్రంలాగా వాడుకుని, పైనుంచి ఏముంది అక్కడ అంటే మాత్రం నాకు కాలుద్ది.

అసలు బెంగళూర్లో ఉండేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మనం నది లేని ఊళ్ళో బతుకుతున్నాం. కావేరి నీళ్ళని దాదాపు వంద కిలోమీటర్ల అవతల నుంచి పంపులు పెట్టి ఎక్కించుకుంటే గానీ కుళాయి తిరగదు, 2024 ఎండాకాలంలో ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఎలా కొట్టుకున్నామో గుర్తుంది కదా. ఊళ్ళో ఉన్న వృషభావతి పక్కనుంచి కిటికీ దించుకుని వెళ్ళలేం. అలాంటోళ్ళం గోదావరి ఒడ్డుకి వెళ్ళి, అదీ అఖండ గోదావరి, అంటే కింద ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అని పాయలు విడిపోకముందు ఒకే నదిగా ఉండేచోటికి వెళ్ళి, దాన్ని బస్సు కిటికీలోంచి ఒక ఫొటో తీసుకుని వచ్చేస్తామా? అవతలి ఒడ్డున కొవ్వూరులో దీపాలు చుక్కల్లా కనిపిస్తాయి అంత వెడల్పు ఉంటుంది అక్కడ. రెండు రాత్రులు ఊళ్ళోనే ఉండండి. రెండు సాయంత్రాలు గట్టు మీద కూర్చోండి. అంతకంటే ప్లాన్ ఏం అక్కర్లేదు.

సాయంత్రమే ఎందుకంటున్నానంటే, చాలామంది గోదావరి మీద సూర్యోదయం అని అలారం పెట్టుకుని లేస్తారు పాపం. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉందండీ బాబూ! సూర్యుడు ఊరి వెనకాల మేడల మీంచి వస్తాడు. నీళ్ళ మీంచి పొద్దు పొడవడం చూడాలంటే బ్రిడ్జి దాటి కొవ్వూరు గోష్పాదం రేవుకి పోవాలి. మా వైపు నుంచి చూడాల్సింది పొద్దు గూకడం. పుష్కర ఘాట్‌లోనో కొంచెం ప్రశాంతంగా కావాలంటే గౌతమీ ఘాట్‌లోనో కూర్చుంటే, ఎర్రటి బింబం అలా ఆర్చి బ్రిడ్జి వెనక్కి జారుతుంటే ఆ బ్రిడ్జి మీంచి ఒక రైలు వెళ్తుంది, నల్లగా, బొమ్మలాగా. నేను పుట్టి పెరిగినోణ్ణి, ఇప్పటికీ ఆ రైలు వస్తుంటే మాట ఆపేస్తాను. తర్వాత పుష్కర ఘాట్‌లో హారతి ఉంటుంది, ఉండాలంటే ఉండండి, మైకుల గోల పడనోళ్ళు ముందే లేచిపోండి.

ఇక వాడు "ఒక బ్రిడ్జి" అన్నాడే, దానికి అసలు కోపం వచ్చింది. ఒకటి కాదురా, నాలుగు! హేవ్‌లాక్ వంతెన 1900లో తెరిచారు, 56 ఖానాలు, రాతి స్తంభాలు, దాదాపు వందేళ్ళు రైళ్ళు మోసి 1997లో రిటైరైంది. దాని పక్కనే అందరూ ఫొటోలు తీసుకునే ఆర్చి బ్రిడ్జి, 28 ఆర్చీలు, ముసలాయన పని మానేసిన ఏడాదే ఇది ఎక్కింది డ్యూటీ. మధ్యలో 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన, కింద రైలు పైన రోడ్డు, నాలుగు కిలోమీటర్ల పైన పొడవు. 2015లో వచ్చింది నాలుగోది. కొవ్వూరు నుంచి ఆటోలో రోడ్డు కమ్ రైలు మీద వస్తుంటే కాళ్ళ కింద గూడ్సు బండి వెళ్తే రోడ్డంతా వణుకుతుంది చూడండీ, చిన్నప్పుడు మా తాతయ్య చెయ్యి గట్టిగా పట్టుకునేవాణ్ణి. హేవ్‌లాక్‌ని టూరిస్టు వంతెన చేస్తామని నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచీ వింటున్నా. 2025లో అఖండ గోదావరి ప్రాజెక్టు అని శంకుస్థాపన కూడా అయింది, దాని మీద నడిచే రోజున నేనే మీ అందరికీ టీ ఇప్పిస్తా.

పగలు ఏం చెయ్యాలి అంటారా. ఒక పూట ధవళేశ్వరం వెళ్ళండి, ఆటోకి అరగంట. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు, ఇప్పుడు మనం చూసే బ్యారేజీ తర్వాత కట్టింది, పాత పనిముట్లూ బొమ్మలూ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఒక తెల్లదొర విగ్రహానికి ఊరూరా దండలు వేసే జిల్లాలు ఇంకెక్కడైనా ఉన్నాయేమో నాకు తెలీదు, ఎందుకేస్తారో ఆ కాలవల పక్కన పచ్చటి వరి చూస్తే మీకే అర్థమవుతుంది. వరదలప్పుడు టీవీలో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అంటారు కదా, అది నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే. రెండోది 13.75, మూడోది 17.75. మా ఇంట్లో ఈ అంకెలు ఎక్కాల్లాగా వచ్చు అందరికీ, అమ్మ ఫోన్ చేస్తే ఆగస్టులో నా ఆరోగ్యం కంటే ముందు అదే చెప్తుంది.

ఊళ్ళోకొస్తే, నన్నయ గారు భారతం మొదలెట్టిన ఊరు అని అందరూ పరీక్షకి చదువుకున్నదే, నేను మళ్ళీ చెప్పను. వీరేశలింగం గారి ఇల్లు మాత్రం చూడండి. 1881 డిసెంబర్ 11న తెలుగునాట మొట్టమొదటి వితంతు వివాహం ఈ ఊళ్ళోనే చేయించారాయన, ఊరంతా ఒకవైపు ఆయనొకవైపు. అక్కణ్ణుంచి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళండి. ఇది నా పర్సనల్ వీక్‌నెస్. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడండీ ఆయన, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. ఇక్కడ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ చెయ్యి చూసి బొంబాయి పంపించి బొమ్మలు నేర్పించాడు. ఆ ఆడవాళ్ళ బొమ్మల్లో చీర కుచ్చిళ్ళు, ఆ గోదారి రంగులు... మన కోరమంగలలో ఎవడో గోడకి నీలం పూసి ఎగ్జిబిషన్ అంటే టికెట్ కొని లైన్లో నుంచుంటాం, అక్కడ నేను వెళ్ళినప్పుడు నాతో కలిపి ముగ్గురం ఉన్నాం, అందులో ఒకాయన ఫ్యాన్ కింద కూర్చోడానికి వచ్చాడు.

తిండి గురించి మొదలెడితే తెల్లారిపోద్ది. కోటగుమ్మం వైపు వెళ్ళి రోజ్‌మిల్క్ తాగండి, సాయంత్రం బండి దగ్గర ముంత మసాలా తినండి, వచ్చేటప్పుడు పూతరేకులు కొనుక్కోండి, ఆత్రేయపురానివి, 2023లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది వాటికి, అంటే ఇవి ఆ ఊరివే అన్న గుర్తింపు. పక్కనే కడియం నర్సరీలు, బాల్కనీకి మొక్కలు కావాలంటే బెంగళూరు రేటుకీ అక్కడి రేటుకీ పోల్చుకుని ఏడవకండి. కానీ పులస విషయంలో చేతులెత్తి దణ్ణం పెడతా. పుస్తెలమ్మైనా పులస తినాలి అన్నారని ప్రతివాడూ డిసెంబర్లో వచ్చి పులస కావాలంటాడు. వరదనీరు ఎర్రగా వచ్చే రోజుల్లో సముద్రంలోంచి ఏరు ఎదురెక్కుతుంది ఆ చేప, అప్పుడే ఆ రుచి. మిగతా రోజుల్లో మీకు పులస అని వడ్డించేది ఏంటో వండినోడికీ దేవుడికీ తెలియాలి. పోయిన శీతాకాలం మా ఫ్రెండొకడు ఒక హోటల్లో అలా తిని బిల్లు చూసి నాకు ఫోన్ చేసి తిట్టాడు, నేనేదో వండినట్టు.

మా ఊరు బంగారం అని కూడా అనట్లేదండోయ్. ఘాట్ మెట్ల మీద ప్లాస్టిక్ కవర్లు, పూజ సామాన్లు, పాత బట్టలు చూస్తే నాకే సిగ్గేస్తుంది. స్టేషన్ బయట బ్యాగు చూడగానే ఆటో రేటు పెరుగుతుంది, "ఆయ్, మీరు ఈ ఊరేనాండీ" అని తెలిశాక తగ్గుతుంది, అందుకే యాస కొంచెం సాగదీసి మాట్లాడండి. ఇంకోటి, 2027లో మళ్ళీ పుష్కరాలు. పుణ్యం కావాలంటే అప్పుడు రండి, ఊరు చూడాలంటే మాత్రం వద్దు. 2015లో మొదటి రోజు పుష్కర ఘాట్ తొక్కిసలాటలో ఎంతమంది పోయారో మాకింకా గుర్తే. ఊరి కోసమైతే నవంబర్ నుంచి ఫిబ్రవరి బావుంటుంది.

బస్సు మాత్రం వద్దు, శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రండి. కొవ్వూరు వచ్చేసరికి లేచి తలుపు దగ్గరికి పోకుండా కిటికీ దగ్గరే ఉండండి, పక్క సీట్లో పెద్దావిడ రూపాయి బిళ్ళ నుదుటికి ఆనించుకుని నీళ్ళలోకి వేస్తుంది. మీ దగ్గర ఫోన్‌పే తప్ప చిల్లర ఉండదు, ఆవిడే ఇస్తుంది ఒకటి, నాకు ఇచ్చారు చాలాసార్లు.

ఇదంతా నిన్న టీ దగ్గర చెప్పేసరికి మావాడు మెత్తబడి "అయితే ఈసారి నువ్వే పిల్చుకొని పో అన్నా" అన్నాడు. సంక్రాంతికి చూస్తే శేషాద్రిలో వెయిటింగ్ లిస్టు కిందికి దిగేలా లేదు, సరే ఫిబ్రవరిలో పోదాం అనుకున్నాం. పొద్దున మెసేజ్ పెట్టాడు, ఫిబ్రవరిలో పులస దొరుకుతుందా అన్నా అని.