‘కార్పొరేటర్ మీటింగులు దండగ’ అన్న మెసేజ్‌కి ఒక జవాబు

కొద్ది వారాలుగా బెజవాడ కాలనీ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. సింగ్‌నగర్ వాళ్ళు మొగల్రాజపురం వాళ్ళకి పంపుతున్నారు, వాళ్ళు కృష్ణలంక వాళ్ళకి. దాని సారాంశం ఇది: కార్పొరేటర్‌కి అధికారమే లేదు, అంతా కమిషనర్‌దే. ఫిర్యాదు ఉంటే యాప్‌లో పెడితే సరిపోతుంది. వీధిలో షామియానా వేసి పెట్టే సమావేశాలు ఫొటోల కోసమే, వచ్చేదంతా పార్టీ వాళ్ళే. పన్నులు పెంచిందీ వీళ్ళే. 2024లో బుడమేరు వాగు వరదప్పుడు ఒక్క కార్పొరేటరూ ఏమీ చెయ్యలేకపోయాడు. 2019 నుంచి 2021 దాకా కార్పొరేటర్ల కౌన్సిలే లేదు, ఊరేమైనా ఆగిపోయిందా? కాబట్టి ఈసారి మీటింగని పిలిస్తే ఎవరూ వెళ్ళొద్దు.

దీని వెనకున్న కోపం న్యాయమైనదే. వానాకాలం వస్తే మోకాటిలోతు నీళ్ళలో నడిచే వీధులు ఇంకా ఉన్నాయి. కానీ ఆ కోపంతో చెయ్యమంటున్న పని మనకే నష్టం. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను. ఏ డివిజన్‌లో ఏ పార్టీ ఉందన్నది నాకు అనవసరం.

మొదటి మాట, అధికారం లేదని. ఇందులో సగం నిజం. హైదరాబాద్ కోసం 1955లో చేసిన కార్పొరేషన్ల చట్టాన్నే 1981లో మన మున్సిపాలిటీ కార్పొరేషన్ అయినప్పుడు ఇక్కడా వర్తింపజేశారు. ఆ చట్టం ప్రకారం పని చేయించేది, బిల్లు పాస్ చేసేది కమిషనర్. కార్పొరేటర్ చెక్కు మీద సంతకం పెట్టలేడు, ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరుని) బదిలీ చెయ్యలేడు. అంతవరకూ ఒప్పుకుంటాను.

మిగతా సగం ఆ మెసేజ్‌లో లేదు. కార్పొరేషన్ బడ్జెట్‌కి ఆమోదం ఇవ్వాల్సింది కౌన్సిల్. ఖర్చులకీ కాంట్రాక్టులకీ ఆమోదమిచ్చే స్టాండింగ్ కమిటీని ఎన్నుకునేది కార్పొరేటర్లే. కౌన్సిల్‌లో ఒక సభ్యుడు ప్రశ్న వేస్తే అధికారులు లేచి జవాబు చెప్పాలి, ఆ జవాబు రికార్డుకెక్కుతుంది. ఫలానా వీధిలో కాలువ ఎందుకు పూర్తి కాలేదంటే ‘నిధులు లేవు’ అన్నారా, ‘కాంట్రాక్టర్ వదిలేశాడు’ అన్నారా అన్నది ఆ రికార్డులో ఉంటే, ఆర్నెల్ల తర్వాత మాట మార్చడం కష్టం. మీరూ నేనూ కమిషనర్ ఛాంబర్ బయట ఎన్ని గంటలు కూర్చున్నా ఆ హక్కు మనకి రాదు.

ఇంకో సంగతి. 1992లో చేసి 1993 జూన్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణలో 243-ఎస్ అనే అధికరణం ఉంది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు (మనం డివిజన్ అంటాం) కమిటీలు ఉండాలని అది చెప్తుంది. ఒకే వార్డుకి ఒక కమిటీ అయితే, ఆ వార్డు నుంచి గెలిచినవారే దానికి అధ్యక్షులు. అంటే వార్డు మాటలు మాట్లాడుకోడానికి ఒక కమిటీ కూర్చోవడం, దానికి కార్పొరేటర్ పెద్దగా ఉండటం ఎవరో దయతలచి పెట్టిన ఏర్పాటు కాదు, రాజ్యాంగంలో ఉన్నది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో నగరపాలక సంస్థలకి అప్పగించదగిన పద్ధెనిమిది అంశాలు రాశారు. వాటన్నిటినీ రాష్ట్రాలు పూర్తిగా నగరాల చేతికివ్వలేదన్నది వాస్తవం. అలాంటప్పుడు ఆ అధికారాలు ఇవ్వమని అడగాలి గానీ, ఉన్న కాస్తా వద్దనుకుంటే ఎలా?

ఇక యాప్. మున్సిపల్ ఫిర్యాదుల కోసం ఉన్న పురమిత్ర యాప్ మంచిదే. వీధి దీపం వెలగకపోతే, చెత్త ఎత్తకపోతే అందులో పెట్టండి, నంబరు వస్తుంది, ఆధారం ఉంటుంది. సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, అదీ మంచిదే. కానీ యాప్‌కి తెలిసేది ఒక ఇల్లు, ఒక ఫొటో, ఒక విభాగం. ఆ విభాగం మనిషి వచ్చి తన పని చేసి ఫొటో పెట్టగానే ఫిర్యాదు మూసేస్తారు. రెండు మూడు విభాగాలకి చెందిన సమస్య అందులో ఇమడదు.

మా వీధి సంగతే చెప్తాను. కొళాయి నీళ్ళు మొదటి పది నిమిషాలు పచ్చగా, వాసనతో వచ్చేవి. నాలుగైదు ఇళ్ళ వాళ్ళు విడివిడిగా ఫిర్యాదు పెట్టారు. ఎవరో వచ్చి చూసే వేళకి నీళ్ళు తేరుకునేవి, ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వచ్చేది. ఆ నెల వీధి సమావేశానికి పక్కింటి పిన్నిగారు ఒక లీటరు సీసాలో ఆ నీళ్ళు పట్టుకొచ్చి, ఏఈ గారి ముందు బల్ల మీద పెట్టారు. “బాబూ, నేనేమీ అనను. మూత తీసి ఒకసారి వాసన చూడండి” అన్నారు. ఆయన చూశారు. మీ కనెక్షన్ పైపు పాతదేమోనమ్మా అని ఆయన అంటుండగానే వెనక వీధి ఆవిడ లేచి, “మా ఇంట్లోనూ అంతేనండీ, మాది కొత్త పైపే” అంది. అప్పటిదాకా రెండు వీధుల వాళ్ళకీ ఒకే బాధ అని మాకే తెలీదు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు అప్పుడు చెప్పారు, ఆ రెండు వీధులు కలిసే చోట కల్వర్టు కింద పూడిక పేరుకుపోయి మురుగు నిలిచిపోతోందని. నీళ్ళ పైపు వెళ్ళేది ఆ కల్వర్టులోంచే. తవ్వి చూస్తే పైపు జాయింట్ తుప్పు పట్టి ఊడిపోయి ఉంది.

ఇందులో వింతేమీ లేదు. మన ఊళ్ళో ఇళ్ళకిచ్చిన కనెక్షన్ పైపులు చాలాచోట్ల సైడు కాలువల్లోంచే దాటతాయి. నీళ్ళు వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది, లోపలి నీళ్ళు బయటికి కారతాయి. సరఫరా ఆగగానే ఒత్తిడి పడిపోయి, పగులు దగ్గరున్న మురుగు లోపలికి లాక్కుంటుంది. మర్నాడు పొద్దున కొళాయి తిప్పగానే ముందు వచ్చేది అదే. కొళాయి చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. రంగు రాలేదంటే దారిలో ఎక్కడో ఏదో కలుస్తున్నట్టు అనుమానించాలి. ఆ పరీక్ష మన ముందే చెయ్యమని అడగడానికి సమావేశం కంటే మంచి చోటు లేదు. 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్ళలో మురుగు కలిసి డయేరియాతో పదిమందికి పైగా పోయారు. అలాంటి ఊరి పక్కనుండి మనం నీళ్ళ సంగతి మాట్లాడుకునే చోటుని దండగ అనడం నాకు మనసొప్పదు.

ఆ రోజు మా పని చేయించింది కార్పొరేటర్ గారొక్కరే అని నేననను. ఆమె చేసింది, నీళ్ళ ఏఈ గారినీ, డ్రైనేజీ చూసేవారినీ, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నీ, వార్డు సచివాలయంలో నీళ్ళూ రోడ్లూ చూసే అమెనిటీస్ సెక్రటరీనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం. విడివిడిగా అడిగితే ‘అది మా విభాగం కాదండీ’ అనేవాళ్ళు, పక్కపక్కన కూర్చున్నప్పుడు ఆ మాట అనలేరు.

ఫొటోల కోసం, పార్టీ వాళ్ళ కోసం అన్న మాటకి జవాబు చిన్నదే. చాలాచోట్ల అలాగే జరుగుతుంది, నేనూ చూశాను. పార్టీ వాళ్ళే ఎందుకొస్తారంటే మిగతావాళ్ళం రాం గనక. నలభై కుర్చీల్లో ముప్ఫై మంది మామూలు గృహస్థులు కూర్చుంటే అది పార్టీ మీటింగు ఎలా అవుతుంది? దీనితోపాటే చెప్పాల్సింది ఇంకొకటుంది. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్ళవి. గెలిచింది ఆమె అయితే కుర్చీలో భర్త కూర్చుని, ‘మేడమ్ తరఫున నేను చెప్తున్నా’ అనే పద్ధతి కొన్ని డివిజన్లలో ఉంది. ఇది తప్పు. మర్యాదగానే, “అమ్మా, మీరే చెప్పండి, మేం మీకు ఓటేశాం” అనండి. రెండు మీటింగుల్లో ఆమే మాట్లాడటం మొదలుపెడుతుంది.

పన్నుల మాట. ఆస్తి విలువని బట్టి ఇంటి పన్ను వేసే పద్ధతి 2021లో రాష్ట్ర చట్టం వల్ల వచ్చింది. చెత్తకి ఇంటింటికీ నెలనెలా వసూలు చేసిందీ రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయంతోనే, 2024లో ఎత్తేసిందీ రాష్ట్ర ప్రభుత్వమే. కౌన్సిళ్ళు వాటికి తలూపాయి గనక వాళ్ళకి బాధ్యత లేదనను. కానీ పన్ను మీద అడగాలన్నా మనిషి ఎదురుగా ఉండాలి గదా.

ఇక బుడమేరు. ఆ మెసేజ్‌లో జనానికి బాగా తగులుతున్నది ఇదే, ఎందుకంటే ఆ గాయం ఇంకా మానలేదు. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీ, నందమూరి నగర్ నీళ్ళలో మునిగిన తీరు చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. అయితే ఆ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? మైలవరం వైపు కొండల్లోంచి దిగే బుడమేరుని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్ళించి, డైవర్షన్ ఛానల్ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణ నిండుగా ఉంటే ఆ ఛానల్‌లో నీళ్ళు ముందుకు కదలవు. ఆ రెండు రోజుల్లో ఒక దశలో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) వెళ్ళాయి, అంతకు ముందెప్పుడూ లేనంత. ఛానల్ కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీళ్ళు పాత బుడమేరు దారి పట్టి ఊరి మీదికొచ్చాయి. కట్టలు చూసేది జలవనరుల శాఖ. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. ఆ పని ఒక డివిజన్ కార్పొరేటర్ ఎలా చేస్తాడు? చెయ్యలేదని నిందించడం అన్యాయం.

వాళ్ళని అడగాల్సినవి వేరే ఉన్నాయి, అవి గట్టిగానే అడగాలి. మంచంలో ఉన్న ముసలివాళ్ళు ఏ ఇళ్ళల్లో ఉన్నారో ముందే రాసుకున్నారా? పడవ వస్తే మొదట ఏ సందులోకి వెళ్ళాలో చెప్పగలిగారా? పరిహారం జాబితాల్లో పేర్లు గల్లంతైనప్పుడు సచివాలయం దగ్గర నిలబడి సరి చేయించారా? కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుకి 10 వేలు అన్నారు. ఎవరిల్లు ఏ అంతస్తో ఆ వీధిలో ఉన్నవాళ్ళకి తప్ప ఎవరికి తెలుసు? జాబితా వీధిలో పెట్టి బిగ్గరగా చదివితే గంటలో తేలేదానికి జనం కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. ఆ లోటు వీధి సమావేశం ఉన్నందువల్ల వచ్చింది కాదు, లేనందువల్ల వచ్చింది.

వచ్చే వానాకాలం గురించి అడగాల్సింది మరొకటి. వరద నీటి కాలువల కోసం కేంద్రం ఈ నగరానికి 461 కోట్లు ఇచ్చింది. ఆ పని చేయించింది ప్రజారోగ్య ఇంజనీరింగ్ విభాగం, కార్పొరేషన్ కాదు. సగంలో ఆగిన కాలువలు వీధుల్లో అలాగే ఉన్నాయి. మీ వీధి కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలవాలి, ఇప్పుడు ఎక్కడ తెగిపోయి ఉంది అన్నది ఒక కాగితం మీద గీయించి తీసుకోండి. మొండిగా ఆగిన కాలువ లేనిదానికంటే ప్రమాదం. నీళ్ళు తెచ్చి మీ గుమ్మం ముందే వదిలేస్తుంది.

కృష్ణలంక వాళ్ళని అడగండి. చిన్న వరదకే రాణిగారితోట, తారకరామనగర్‌లలో ఇళ్ళు ఖాళీ చేసిన రోజులు వాళ్ళకి గుర్తే. నది వైపు రక్షణ గోడ కావాలని ఏళ్ళ తరబడి అడిగారు, ఏ పార్టీ వచ్చినా అదే మాట అడిగారు. దశలవారీగా ఆ గోడ లేచింది. 2024లో అంత వరద వచ్చినా కృష్ణ ఆ గోడ దాటి కృష్ణలంకని ముంచలేదు. కట్టింది ప్రభుత్వాలే, డబ్బూ వాళ్ళదే. కానీ అడిగే నోళ్ళు ఆగి ఉంటే ఆ గోడ ఏ దశలో నిలిచిపోయేదో.

కౌన్సిల్ లేకపోయినా ఊరు నడిచిందంటున్నారు. 2014లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2019 మధ్యలో అయిపోతే, మళ్ళీ ఓటు వేసింది 2021 మార్చి 10న. చెత్త ఎత్తారు, నీళ్ళొచ్చాయి, నిజమే. ఆ మధ్యకాలంలో ఫలానా పని ఎందుకు ఆపారని సభలో నిలబెట్టి అడిగేవారు లేరు. కౌన్సిల్ లేనప్పుడు దాని స్థానంలో ఉండే ప్రత్యేకాధికారి ఎంత మంచివారైనా ఆయనకున్న వేల ఫైళ్ళలో మన సందు ఒక కాగితం. 2011 లెక్కలకే పది లక్షలు దాటిన ఊరిని 64 డివిజన్లు చేశారంటే, సగటున పదహారు వేల మందికి ఒక మనిషి. పేరు పెట్టి పిలవగలిగినంత దగ్గర మనిషి.

చివరికి, వెళ్ళొద్దన్న మాట. డివిజన్‌కి ఈ ఏడు వచ్చే నిధుల్లో పది వీధులు అడిగితే మూడింటికే ఎస్టిమేట్ వేస్తారు. ఏ మూడు అన్నది చాలావరకూ ఆ సమావేశంలో ఎవరు లేచి ఏం చెప్పారు, ఏఈ గారి నోట్‌బుక్‌లో ఏం రాసుకున్నారు అన్నదాన్ని బట్టే ఉంటుంది. మీరు వెళ్ళకపోయినా ఆ మూడు వీధుల పేర్లు రాసుకుంటారు. మీ వీధి కాలువ సంగతి తెలిసినవాళ్ళు మీ ఇంట్లో ఎవరో, ఈసారి వాళ్ళని పంపండి. తేదీ, చోటు వారం ముందే వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టమని కార్పొరేటర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. కిందటి సమావేశంలో ఒప్పుకున్న పనుల జాబితా ముందు చదివి, తర్వాతే కొత్తవి మొదలుపెట్టమని ఆ కాగితంలోనే రాయండి.