సవరణ: శేషాచలం అంచున సైకిల్ దారికి నోటి మాట సరిపోదు

కపిలతీర్థం వెనక గుట్టల్లో మౌంటెన్ బైక్ దారి వేసుకోవడానికి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఒక మాట చెబితే చాలని పోయిన వారం రాశాను. అది తప్పు. నమ్మి పార పట్టుకుని బయల్దేరిన వాళ్లుంటే దయచేసి ఆగండి.

శేషాచలం అడవిలో కొంత భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, అభయారణ్యం కిందికి వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ అడుగు పెట్టాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన ఆఫీసర్ గానీ అనుమతి ఇవ్వాలి. అదీ లోపలికి వెళ్లడానికే. పొదలు నరకడం, మట్టి తవ్వడం వేరే సంగతి. ఉద్యానవనం కాని రిజర్వ్ ఫారెస్ట్ అయినా, అటవీయేతర పనికి భూమి వాడాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ఆమోదం కావాలి. పైగా ఇవి ఎర్రచందనం కొండలు. కత్తితో కనబడితే ఎవరైనా అనుమానిస్తారు, అందులో తప్పేమీ లేదు.

అందుకే ముందు సర్వే నంబరు చూసుకోండి. రెవెన్యూ పోరంబోకు గుట్ట అయితే తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. అర్జీతో పాటు దారి గీసిన మ్యాపు కూడా పెట్టండి.

ఇంకోటి. వాలుకు నేరుగా కిందికి దారి తీయమన్నాను. అలా చేస్తే మొదటి వానకే అది వాగవుతుంది. కొండకు అడ్డంగా తీయాలి, దారి ఏటవాలు ఆ కొండ వాలులో సగానికి మించకూడదు.

దారి కోసం మేం రాళ్ల మీద వేసిన సున్నపు గుర్తులను ఆదివారం బ్రష్షుతో రుద్ది చెరిపేశాం. పక్కకు దొర్లించిన రాళ్లనూ మళ్లీ వాటి గుంతల్లోనే పెట్టాం.