రేకుకు ఆ అలలు అందానికి పెట్టలేదు

"కంప్యూటర్ వచ్చాక ఆకారానికీ బలానికీ సంబంధం లేదు. ఏ షేప్ గీసినా స్టీల్ మోస్తుంది. వంపులన్నీ అందానికే. పాతవాళ్లయితే గోడలు మందంగా పెట్టి నిలబెట్టారు, అంతే." ఈ మెసేజ్ కర్నూలులో ఇళ్లు కట్టేవాళ్ల గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఇందులో ప్రతి మాటా తప్పుదారి పట్టించేదే.

వంపులు అందానికేనా? షెడ్డు మీది రేకు చూడండి. అదే మందం ఉన్న చదును రేకు పరిస్తే తన బరువుకే కుంగుతుంది. అలలుగా వంచితే గాలినీ వాననూ తట్టుకుంటుంది. మెక్సికోలో ఆర్కిటెక్ట్ ఫెలిక్స్ కాండెలా 1958లో కట్టిన లాస్ మనంతియాలెస్ రెస్టారెంట్ కాంక్రీట్ కప్పు మందం దాదాపు 4 సెంటీమీటర్లే. మన ఇంటి స్లాబే 4, 5 అంగుళాలు వేస్తాం కదా! ఆ కప్పు గుర్రపు జీనులా ఒకవైపు పైకి, ఇంకోవైపు కిందికి వంగి ఉంటుంది. అందుకే బరువు దాన్ని వంచేయకుండా కప్పు వెంటే నేలకు దిగుతుంది. ఇంకా గొప్ప సంగతి, ఆ వంపు మొత్తం తిన్నని గీతలతోనే ఏర్పడుతుంది. కాబట్టి సెంట్రింగ్‌కు మామూలు తిన్నని చెక్కలే సరిపోయాయి. జామెట్రీ బలాన్నిచ్చింది, వడ్రంగి పనినీ తేలిక చేసింది. నాకు తెలిసినంతలో ఇంతకన్నా అందమైన లెక్క లేదు.

పాతవాళ్ల మందం సంగతి. రాయి నొక్కుడును ఓర్చుకుంటుంది, వంగుడును ఓర్చుకోదు. బేతంచెర్ల బండను ఆధారం లేకుండా మరీ పొడవుగా పరిస్తే మధ్యలో విరగడం అందుకే. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి గుమ్మటాలు చూడండి, ఆ గుండ్రని ఆకారమే బరువును నొక్కుడుగా మార్చి గోడలకు దింపుతుంది. గుమ్మటం అడుగు బయటికి తన్నుతుంది, గోడ మందం దాన్ని ఆపడానికి.

ఇక కంప్యూటర్. సిడ్నీ ఒపెరా హౌస్ డిజైన్ 1957లో గెలిచింది. లెక్కలకు కంప్యూటర్లు వాడినా, గవ్వల్లాంటి దాని పైకప్పుల్ని కట్టే దారి ఏళ్ల తరబడి దొరకలేదు. అన్నిటినీ సుమారు 75 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒకే గోళం నుంచి కోయవచ్చని 1961లో తేలాకే, ముక్కల్ని అచ్చుల్లో పోసి పేర్చడం కుదిరింది.

స్పెయిన్‌లో బిల్బావోలోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం లాంటి చోట్ల ఆకారం ముందు పుట్టి, ఉక్కు చట్రం దాని వెనక నడిచిన మాట నిజమే. కానీ ఆ చట్రంలో ప్రతి ఉక్కు ముక్కకూ లెక్క కట్టారు. ఇక్కడేమో ఫోన్‌లో బొమ్మ చూపించి, "ఈ నడిమి పిల్లర్ తీసేయండి, రాడ్లు ఇంకో నాలుగు వేస్తే సరిపోతుంది" అంటున్నారు. రెండు సమాన బీముల నడుమ పిల్లర్ పోతే, ఆధారం లేని బీమ్ పొడవు రెట్టింపవుతుంది. మీటరుకు అదే బరువు పడినా కుంగుడు రెట్టింపు కాదు, పదహారు రెట్లు.